ముందు డాప్లర్, తర్వాతే లేజర్

బట్టల షాపులో చీరలు విప్పి చూపించే అమ్మాయి, పెళ్ళిళ్ళకు వండే వంటమాస్టారు, బళ్ళో టీచరు, కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు. రాత్రి ఎనిమిదయ్యేసరికి వీళ్ళందరిదీ ఒకటే మాట: "కాళ్ళు లాగేస్తున్నాయి." ఇంటికెళ్ళి కాళ్ళ కింద దిండు పెట్టుకుంటే కాస్త హాయి. తెల్లారి లేచేసరికి ఏమీ లేనట్టే ఉంటుంది. అందుకే ఏళ్ళ తరబడి పట్టించుకోరు. పిక్క మీద నీలంగా, వంకర్లు తిరిగి నరాలు తేలినా "నిలబడే పని కదా, తప్పుతుందా" అని సరిపెట్టుకుంటారు. చీలమండ దగ్గర చర్మం నల్లబడి, చిన్న గీరుడు పుండై, నెలలు గడిచినా మానకపోతే అప్పుడు బయల్దేరతారు.

ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. "కోత లేదు, కుట్టు లేదు, అదే రోజు ఇంటికి" అన్న ప్రకటన చూసి, నేరుగా "లేజర్‌కి ఎంతవుతుందండీ?" అని ఫోన్ చేసేవాళ్ళు.

మొదటివాళ్ళది ఆలస్యం, రెండోవాళ్ళది తొందర. ఈ అధ్యాయం ఇద్దరికీ పనికొస్తుంది. కాలి నరాలు, అంటే సిరలు, ఇలా ఉబ్బి వంకర్లు తిరిగే జబ్బే వేరికోస్ వెయిన్స్. దీనికి పెద్ద కోత లేని మంచి వైద్యం ఇవాళ మన జిల్లా కేంద్రాల్లో కూడా దొరుకుతోంది. అయితే అందులో ఏ పద్ధతి మీకు సరిపోతుందో ఆసుపత్రిలో ఉన్న మెషిన్‌ను బట్టి కాదు, మీ కాలి సిరల్లో రక్తం ఎటు పోతోందో తెర మీద చూపించే డాప్లర్ స్కాన్‌ను బట్టి తేలాలి.

కాలిలో ఏం జరుగుతోంది?

గుండె నుంచి కాలికి రక్తం దిగడం తేలికే. తిరిగి పైకెక్కడమే కష్టం. ఆ మోత సిరల పని. కాలిలో ఇవి రెండు వరసలుగా ఉంటాయి. కండరాల మధ్య లోతుగా ఉన్నవి ఒక వరస. పైకెళ్ళే రక్తంలో సుమారు తొంభై శాతం వీటి గుండానే పోతుంది. చర్మం కింద పైపైన ఉన్నవి రెండో వరస. వీటిలో పెద్దది గ్రేట్ సఫీనస్ సిర. చీలమండ లోపలివైపు మొదలై, మోకాలి పక్కగా, తొడ లోపలి అంచున గజ్జ దాకా వెళ్ళి లోతు సిరలో కలుస్తుంది. పిక్క వెనకగా మోకాలి మడత వరకూ వెళ్ళేది స్మాల్ సఫీనస్ సిర.

అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది. కండరం వదులైనప్పుడు ఎక్కిన రక్తం జారిపోకుండా సిర లోపలి కవాటాలు మూసుకుంటాయి. బావిలో మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వ్ చేసే పని సరిగ్గా ఇదే. అది లీకైతే ఎక్కిన నీళ్ళు మళ్ళీ బావిలోకే. కవాటం చెడితే రక్తమూ అంతే, కిందికి జారి పిక్కలోనూ చీలమండ దగ్గరా నిలిచిపోతుంది.

కదలకుండా నిలబడ్డప్పుడు చీలమండ దగ్గరి సిరలో ఒత్తిడి 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడక మొదలెట్టగానే కవాటాలు బాగున్నవాళ్ళలో అది బాగా పడిపోతుంది. చెడినవాళ్ళలో నడిచినా అంతగా తగ్గదు. రోజూ గంటల తరబడి ఉండే ఆ ఒత్తిడే సిరను ఉబ్బించి వంకర్లు తిప్పుతుంది, కాలికి నీరు పట్టిస్తుంది, చివరికి చర్మాన్ని పాడుచేస్తుంది.

ఇంట్లో అమ్మకో నాన్నకో ఈ జబ్బు ఉన్నవాళ్ళకు, ఎక్కువ కాన్పులైన స్త్రీలకు, బరువెక్కువ ఉన్నవాళ్ళకు, నిలబడే వృత్తుల వాళ్ళకు, గతంలో కాలిలో రక్తం గడ్డకట్టినవాళ్ళకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

"ఆ నరం మూసేస్తే మరి రక్తం ఎటు పోతుంది?" అన్న భయం చాలామందిది. చెడిన సిర రక్తాన్ని పైకి పంపడం ఎప్పుడో మానేసింది, కిందికి జారనిస్తోంది. దాన్ని మూసేస్తే రక్తం లోతు సిరల దారి పడుతుంది, కాలి మీద భారం తగ్గుతుంది. లోతు సిరలు బాగున్నాయా లేదా అని ముందే చూసుకోవడం మాత్రం తప్పనిసరి.

మీ కాలు ఏ మెట్టు మీద ఉంది?

ఒక సాయంత్రం పని ముగిశాక, మంచి వెలుతురులో, కాళ్ళు తొడ దాకా కనిపించేలా రెండు నిమిషాలు నిలబడండి. తొడ లోపలివైపు నుంచి చీలమండ దాకా చూసుకోండి. వెనకభాగం ఇంట్లోవాళ్ళను చూడమనండి. ముంగాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి అలాగే ఉంటే నీరు పట్టినట్టు. రెండు కాళ్ళ చీలమండలనూ పక్కపక్కన పెట్టి రంగు పోల్చండి.

1994లో హవాయిలో సమావేశమైన నిపుణులు ఈ జబ్బుకు మెట్లు ఏర్పరచారు. డాక్టర్లు రిపోర్టులో రాసే సీ1, సీ2 అన్న గుర్తులు అవే.

సీ1: చర్మం మీద ఎర్రగా, నీలంగా సన్నని గీతలు.
సీ2: ఉబ్బి, వంకర్లు తిరిగిన సిరలు.
సీ3: కాలి వాపు.
సీ4: చర్మం నల్లబడటం, దురద, తామరలా కావడం, గట్టిపడటం.
సీ5: మానిన పుండు.
సీ6: మానని పుండు.

సీ1 చాలావరకూ అందానికి సంబంధించిన సంగతి, తొందరేమీ లేదు. సీ2 ఉండి నొప్పి, లాగడం, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం ఉంటే డాక్టరును కలవాలి. సీ3 దాటితే వాయిదా వేయడం తప్పు. పుండు పడ్డాక పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇంకో జాగ్రత్త. కాలి నొప్పులన్నీ సిరలవి కావు. సిరల నొప్పి నిలబడితే పెరుగుతుంది, కాళ్ళు ఎత్తి పెట్టుకుంటే తగ్గుతుంది. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే తగ్గేది ధమనుల నొప్పి కావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకు అరికాళ్ళు మండటం వేరు. నడుము నుంచి కాలి కిందిదాకా జివ్వున లాగేది వెన్నుపూస సంగతి. ఉబ్బిన సిరలు కంటికి కనిపిస్తున్నాయి కాబట్టి నొప్పి వాటిదేననుకుంటే, వైద్యం జరిగాక కూడా నొప్పి అలాగే మిగులుతుంది.

అసలు పరీక్ష

కలవాల్సింది వాస్క్యులర్ సర్జన్‌ను, లేదా ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టును. వాళ్ళు ముందుగా రాసేది కాళ్ళ సిరల డాప్లర్ స్కాన్. ఇందులో సూది లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు.

కవాటాల లీకు చూడాలంటే ఈ స్కాన్ నిలబెట్టి చేయాలి. బరువంతా రెండో కాలి మీద వేసి, చూసే కాలిని కొద్దిగా వంచి పక్కకు పెట్టమంటారు. గజ్జ దగ్గర జెల్ రాసి ప్రోబు ఆనిస్తారు. ఒక చేత్తో పిక్కను పిండి వదులుతారు. పిండినప్పుడు తెర మీద రక్తం పైకి పోతూ ఒక రంగులో కనిపిస్తుంది. వదిలాక రంగు మారి, ఆ మారిన రంగు అర సెకను కంటే ఎక్కువసేపు నిలిస్తే పైసిరల్లో కవాటం లీకైనట్టు లెక్క. తెర మీ వైపు తిప్పమని అడగండి. మీ జబ్బును మీ కళ్ళతో చూడొచ్చు.

రిపోర్టులో మూడు సంగతులు ఉండాలి. ఒకటి, లోతు సిరలు తెరుచుకునే ఉన్నాయా, గడ్డలేమైనా ఉన్నాయా. రెండు, ఏ సిర ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లీకవుతోంది, దాని వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు. మూడు, పైసిరలనూ లోతు సిరలనూ కలిపే పెర్ఫొరేటర్లలో చెడినవి ఉన్నాయా. పడుకోబెట్టి అయిదు నిమిషాల్లో ముగించి "వేరికోస్ వెయిన్స్ ఉన్నాయి" అని ఒక్క ముక్క రాసిచ్చిన రిపోర్టు వైద్యానికి చాలదు.

చేతిలో ఉన్న పద్ధతులు

ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచీ నడిచిన పద్ధతి స్ట్రిప్పింగ్. గజ్జలో కోసి, సిరను కట్టి, లోపలికి తీగ పంపి మొత్తం సిరను లాగేసేవారు. నడుముకో ఒళ్ళంతటికో మత్తు, తొడ పొడవునా కమిలిన నెత్తురు, వారాల విశ్రాంతి. ఇప్పటికీ కొన్నిచోట్ల చేస్తున్నారు, ఫలితమూ ఉంటుంది. కానీ మొదటి ఎంపికగా అది వెనకబడింది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2013లో వరస స్పష్టంగా చెప్పింది: ముందు సిరను లోపలి నుంచి వేడితో మూయడం, అది కుదరకపోతే ఫోమ్ అనే నురగ మందు, అదీ కుదరకపోతేనే ఆపరేషన్.

వేడితో మూసేవి రెండు. రేడియోఫ్రీక్వెన్సీకి అమెరికా అనుమతి 1999లో వచ్చింది, లేజర్‌కు 2002లో. రేడియోఫ్రీక్వెన్సీలో బాగా వాడే గొట్టం కొసన ఏడు సెంటీమీటర్ల భాగం 120 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఒక్కోచోట ఇరవై సెకన్లు ఉంచి కిందికి లాగుతూ వస్తారు. లేజర్‌లో సన్నని ఫైబరు కొస నుంచి కాంతి వెలువడుతుంది. పాత లేజర్ల కంటే 1470 నానోమీటర్ల రకంతో, చుట్టూ కాంతి చిమ్మే ఫైబరుతో నొప్పి, కమలడం తక్కువ. సిరను మూయడంలో రెండూ రెండే. "మాది లేజర్, అందుకే గొప్ప" అన్న మాటకు విలువ ఇవ్వకండి. చేసే చేతికి అనుభవం ఉందా అన్నదే అడగండి.

మూడోది జిగురు. సయనోఅక్రిలేట్ అనే వైద్యపు జిగురును సిరలో బొట్టు బొట్టుగా వదిలి పైనుంచి నొక్కి అతికిస్తారు. అమెరికాలో 2015లో అనుమతి పొందింది. వేడి లేదు కాబట్టి తొడ పొడవునా మత్తుసూదులు అక్కర్లేదు. ఖర్చు ఎక్కువ. కొందరికి ఆ దారి పొడవునా ఎర్రబడి దురద, అలర్జీ రావచ్చు. జిగురు ఒంట్లోనే ఉండిపోతుంది.

నాలుగోది ఫోమ్. పాలిడోకనాల్ లాంటి మందు ఒక వంతు, గాలి నాలుగు వంతులు తీసుకుని, రెండు సిరంజీలను కలిపి అటూ ఇటూ తోస్తే తెల్లని నురగవుతుంది. ఇటలీ డాక్టరు టెస్సారి చూపిన తేలిక పద్ధతి ఇది. స్కాన్‌లో చూస్తూ ఆ నురగను సిరలోకి ఎక్కిస్తే లోపలి పొర దెబ్బతిని సిర మూసుకుంటుంది. చవక. వంకర్లు ఎక్కువై ఫైబరు దూరని సిరలకు, ఒకసారి ఆపరేషనయ్యాక తిరిగొచ్చిన వాటికి, పుండు చుట్టూ ఉన్న వాటికి, పెద్ద వయసు వాళ్ళకు బాగా నప్పుతుంది. పెద్ద సిరల్లో మాత్రం వేడి పద్ధతులతో పోలిస్తే తిరిగి తెరుచుకునే అవకాశం ఎక్కువ. ఒకటికి రెండుసార్లు చేయాల్సి రావచ్చు. చర్మం మీద గోధుమరంగు మచ్చ కొన్నాళ్ళు మిగలొచ్చు.

ఇవన్నీ లోపలి పెద్ద సిర కోసం. పైకి కనిపించే ముడులను తీయడానికి రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లు పెట్టి, చిన్న కొక్కెంతో లాగేస్తారు. కుట్లు అక్కర్లేదు. చాలామందికి పెద్ద సిర మూయడం, ముడులు తీయడం రెండూ కలిపే చేస్తారు. మీకు చెప్పిన ప్యాకేజీలో రెండూ ఉన్నాయా, ఒకటేనా అని ముందే తేల్చుకోండి.

ఆ రోజు ఏం జరుగుతుంది?

ముందు మిమ్మల్ని నిలబెట్టి, ఉబ్బిన ముడులన్నిటికీ మార్కర్ పెన్నుతో గుర్తులు పెడతారు. పడుకుంటే అవి అణిగిపోయి కనిపించవు. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి దగ్గరో కింద పిక్క దగ్గరో చర్మానికి మత్తిచ్చి, స్కాన్‌లో చూస్తూ సిరలోకి సూది పంపుతారు. దాని గుండా తీగ, తీగ మీదుగా సన్నని గొట్టం, గొట్టంలోంచి ఫైబరు. ఫైబరు కొసను గజ్జలో లోతు సిర కలిసే చోటికి రెండు సెంటీమీటర్ల ఇవతలే ఆపుతారు. లోతు సిరకు వేడి తగలకూడదు.

వేడి పద్ధతుల్లో కష్టమనిపించేది ఆ తర్వాతి ఘట్టం. చల్లని సెలైన్‌లో మత్తుమందు కలిపి, సిర పొడవునా చుట్టూ ఎక్కిస్తారు. ఒక్కో సూదికి చురుక్కుమంటుంది, తొడ చల్లబడి బిగుతుగా అవుతుంది. ఆ నీళ్ళు మూడు పనులు చేస్తాయి: నొప్పి తెలియనివ్వవు, సిరను ఫైబరు చుట్టూ నొక్కి ఉంచుతాయి, చర్మానికీ పక్కనున్న నాడికీ వేడి తగలకుండా కాస్తాయి. ఈ పని ఓపిగ్గా చేసే డాక్టరు దగ్గర కాలిన మచ్చలు పడటం చాలా అరుదు.

ఆపైన వేడి పెట్టి ఫైబరును వెనక్కి లాగడం కొద్ది నిమిషాల పనే. మొత్తం గంట లోపు అవుతుంది. కట్టు వేసి, బిగుతు స్టాకింగ్ తొడిగి, లేచి నడవమంటారు. నిజంగానే నడవాలి, పడుకోకూడదు.

ఇంటికొచ్చాక

రోజూ నడవండి. కదలకుండా నిలబడటం, కాళ్ళు వేలాడేసి గంటల తరబడి కూర్చోవడం మానండి. వారం పాటు బరువులెత్తొద్దు. దూరపు బస్సు, విమాన ప్రయాణాలు డాక్టరు సరేననేదాకా పెట్టుకోవద్దు. వారం తిరిగేసరికి తొడ లోపల లాగుతున్నట్టు, గట్టిగా చేతికి తగులుతున్నట్టు అనిపిస్తే కంగారు వద్దు. మూసిన సిర కుంచించుకుపోతోంది. తిరిగి డాప్లర్ చేయించుకోవడానికి రమ్మన్న రోజున తప్పకుండా వెళ్ళండి.

పిక్క మొత్తం వాచి నొప్పెడితే, జ్వరమొస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. లోతు సిరలో గడ్డకట్టడం ఈ పద్ధతుల్లో అరుదు, కానీ అసలు ఉండదని కాదు. పిక్క దగ్గర చర్మం మొద్దుబారడం కొందరికి ఉంటుంది. చాలావరకు నెలల్లో తగ్గుతుంది. మూసిన సిర మూసుకునే ఉన్నా, కొన్నేళ్ళకు వేరే సిర చెడొచ్చు. "జన్మలో మళ్ళీ రాదు" అని హామీ ఇచ్చేవాళ్ళను నమ్మొద్దు.

పుండు ఉన్నవాళ్ళకు

"ముందు పుండు మాననీ, తర్వాత సిర సంగతి చూద్దాం" అన్నది పాత మాట. బ్రిటన్‌లో 450 మందితో చేసిన ఈవ్రా అధ్యయనం 2018లో వెలువడి ఆ వరసను మార్చింది. బిగుతు కట్లతో పాటు సిరను వెంటనే మూసినవాళ్ళలో పుండు మానడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 56 రోజులు. సిర వైద్యాన్ని వాయిదా వేసినవాళ్ళలో 82 రోజులు. పుండుకు కట్లు మార్పించుకుంటూ నెలలు గడుపుతున్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ పేరా చదివి వినిపించండి.

ఆగాల్సినవాళ్ళు

గర్భిణులు కాన్పయ్యేదాకా ఆగాలి. కాన్పు తర్వాత కొన్ని నెలల్లో సిరలు చాలావరకు తగ్గొచ్చు కూడా. లోతు సిరలో కొత్తగా గడ్డ ఉన్నవాళ్ళకు ముందు దాని వైద్యం జరగాలి. లోతు సిరలు పూర్తిగా మూసుకుపోయినవాళ్ళకు పైసిరలే దిక్కు కావచ్చు. వాటిని మూస్తే ఉన్న దారీ పోతుంది. షుగర్ ఉన్నవాళ్ళు, పొగతాగేవాళ్ళు బిగుతు స్టాకింగ్స్ తొడిగే ముందు కాలి ధమనుల పీడనం చూపించుకోవాలి. ధమనులు మూసుకుపోతున్న కాలికి బిగుతు ప్రమాదం. ఎడమకాలు ఒక్కటే తొడ దాకా వాస్తే పొత్తికడుపులోని సిర నొక్కుకుపోతోందేమో చూడాలి.

సిర వైద్యం జరిగేదాకా వాడే బిగుతు స్టాకింగ్స్ పొద్దున్న మంచం దిగకముందే తొడగాలి. లాగడం, వాపు తగ్గుతాయి. డయాస్మిన్ లాంటి మాత్రలతో కూడా భారం తగ్గుతుంది. రెండూ ఉపశమనమే, చెడిన కవాటాన్ని ఏదీ బాగుచేయదు.

ఒక అత్యవసర పాఠం

ఉబ్బిన సిర మీద చర్మం పలచబడి, స్నానాల గదిలో గోరు తగిలి రక్తం చిమ్మొచ్చు. చూసి భయపడి అక్కడే నిలబడితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే నేల మీద వెల్లకిలా పడుకుని, కాలు గుండె కంటే ఎత్తుకు లేపి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు నొక్కి పట్టాలి. పైన తాడుతో బిగించి కట్టకూడదు. రక్తం ఆగినా ఆసుపత్రికి వెళ్ళాలి.

డబ్బు, పని, ప్రశ్నలు

చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో వేరికోస్ వెయిన్స్‌కు రెండేళ్ళ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. పాలసీ కాగితంలో చూసుకోండి. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, మీకు రాసిన పద్ధతి వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

నిలబడే ఉద్యోగమైతే ప్రతి అరగంటకోసారి ఇరవైసార్లు మడమలెత్తి దించండి. యజమానిని ఒక స్టూలు అడగండి, అది సిగ్గుపడే సంగతి కాదు. షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోనే రాశాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకోండి:

1. నా కాలిలో లీకవుతున్నది ఏ సిర? లోతు సిరలు బాగున్నాయా?
2. డాప్లర్ నిలబెట్టి చేశారా?
3. నాకు ఈ పద్ధతే ఎందుకు? రెండోది ఎందుకు కాదు?
4. పైకి కనిపించే ముడులు కూడా ఇప్పుడే తీస్తారా? ఖర్చు అందులోనే ఉందా?
5. చేసేది మీరేనా? ఇలాంటివి తరచుగా చేస్తుంటారా?
6. తర్వాతి స్కాన్ ఎప్పుడు?

నిదానంగా, రిపోర్టు చూపిస్తూ వీటికి జవాబు చెప్పే డాక్టరు దొరికితే అక్కడే చేయించుకోండి, ఇక ఆలస్యం చేయకండి. నిలబెట్టి తీసిన డాప్లర్ రిపోర్టు చేతికి రాకుండా మాత్రం, ఎవరు ఎంత తగ్గించి ప్యాకేజీ చెప్పినా, ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టకండి.